మగ్గం పక్కన ప్రిపొజిషన్లు

తొంభైల చివర్లో ధర్మవరం నుంచి హిందూపురానికి రోజూ ప్యాసింజర్ రైల్లో వెళ్లి ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం బిజినెస్ ఇంగ్లిష్ నేర్చుకునేవాణ్ని. నేర్చుకున్నదంతా తిరుగు రైలు పెనుకొండ చేరేలోపే మరిచిపోవడం నా ప్రత్యేకత.

అందుకే సాయంత్రం మగ్గం పక్కన కూర్చుని, ఏ మాట పక్కన ‘ఫర్’ రావాలో, ఏ మాట పక్కన ‘టు’ రావాలో గట్టిగా వల్లెవేసేవాణ్ని. నాయనకు ఇంగ్లిష్ అక్షరం రాదు. పట్టుచీర నేస్తూ విని విని జాబితా మొత్తం ఆయనకే వచ్చేసింది. నేను తప్పు చెప్తే మగ్గం ఆగేది.

“రెస్పాన్సిబుల్ పక్కన ఫర్ కదప్పా! నిన్న నువ్వే చెప్తివి.”

“ఇంటర్వ్యూకు నువ్వే పో నాయనా.”

“పోతా. నీ చొక్కా ఇయ్యి.”

ఇంటర్వ్యూకు వారం ముందు నాయనకు పక్షవాతం వచ్చి మాటా స్పృహా పోయాయి. ఆసుపత్రిలో డాక్టరు, “ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, వింటాడేమో” అన్నారు. వేళాకోళం తప్ప నాకు మాట్లాడటం రాదు. వార్డంతా చూస్తుండగా జాబితా మొదలుపెట్టాను. కావాలనే తప్పులు చెప్పాను.

“రెస్పాన్సిబుల్ విత్. అప్లై ఇన్. డిపెండ్ ఫ్రమ్.”

పక్క మంచం మీది అవ్వ నవ్వింది. “ఏమబ్బా, ఈడ కూడా పరీక్షలా?”

నేనూ నవ్వాను. నాయన కళ్లు తెరవలేదు. ఇంకా గట్టిగా, ఇంకా ఘోరంగా తప్పులు చెప్పాను. ఆయన ఒక్కటీ దిద్దలేదు. మధ్యాహ్నానికి పోయాడు.

ఇంటర్వ్యూలో అన్నీ సరిగ్గా చెప్పి ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇప్పుడు మా ఆఫీసులో అందరి ఉత్తరాలూ దిద్దేది నేనే. తప్పులు రాసేవాళ్ల మీద కోపం రాదు. కాస్త అసూయే. వాళ్లకు దిద్దేవాడు ఒకడున్నాడు.