పచ్చకన్ను పెట్టె

మిషన్ బడి టీచరు గాబ్రియేలు భార్య దానమ్మ నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం మెదక్‌లో ఆ వీధివాళ్ళెవరూ ఎరగరు. చీర తెస్తే కట్టింది, తేకపోతే ఉన్నదే ఉతికింది. ఆ ఏడు క్రిస్మస్‌కు ముందు మాత్రం అడిగింది. రేడియో కొంటే చిన్నది కొనమని.

ఎందుకడిగిందో ఇంట్లో అందరికీ తెలుసు. దసరా సెలవుల ముందు హైదరాబాదు నుంచి రేడియోవాళ్ళు వచ్చి, చర్చిలో పాటల బృందం చేత పాడించి యంత్రంలో పట్టుకుపోయారు. మొదటి చరణం దానమ్మ కూతురు లలిత ఒక్కతే పాడింది. పిల్లకు అప్పటికే దగ్గు. బుగ్గన లవంగం పెట్టి పంపింది తల్లి. అయినా ఇంటికొచ్చి తల్లి కొంగులో మొహం దాచుకుని, "అమ్మా, నడుమల ఒక్కపారి దగ్గొచ్చింది. మల్ల పాడుతనంటె వద్దన్నరు. లోకమంత వింటది గద," అని ఏడ్చింది. ఆ దగ్గు రొమ్ములోకి దిగింది. నెల తిరగకముందే పదిహేడేళ్ళ పిల్లను పెట్టెలో పెట్టి తీసుకుపోయారు. బడిలో అందరితో కలిసి దిగిన ఫోటోలో ఆమె మొహం మినపగింజంత ఉంది. అదొక్కటే మిగిలింది.

పాట డిసెంబరు రెండో ఆదివారం సాయంత్రం ఆరున్నరకు వస్తుందని ఉత్తరం వచ్చింది.

బజారులో మహమూద్ దుకాణానికి అప్పుడే రెండు రేడియో సెట్లు వచ్చాయి. గాబ్రియేలు, అతని అక్క సౌభాగ్యమ్మ, వెనక దానమ్మ, ముగ్గురూ పోయారు. పెద్దది నున్నటి చెక్కపెట్టె. వెలిగిస్తే ముందర పిల్లికన్నులా పచ్చదీపం. చిన్నది తోలు సంచిలో, భుజాన తగిలించుకునేది.

"టీచర్ సాబ్, ఉన్నదున్నట్టు చెప్తున్న," అన్నాడు మహమూద్. "పెద్దదానికి కరెంటు కావాలె, గాలిల పాట పట్టనీకి మిద్దె మీద రాగి జాలి కట్టాలె. తిప్పంగనే పలకదు, లోపట బుడ్లు వేడి కావాలె. చిన్నది సెల్లుల మీద నడుస్తది. చెవి మెలేస్తె చాలు, మాట్లాడుతది."

రెండూ పలికించి చూపించాడు. పెద్దదాంట్లో గొంతు బావిలోంచి వచ్చినట్టు గంభీరంగా ఉంది. చిన్నదాంట్లో ఎవరో పక్కన కూర్చుని చెప్పినట్టుంది.

"చిన్నదే తీస్కోండ్రి," అంది దానమ్మ. "చెవి కాడ పెట్టుకొని వింట."

సౌభాగ్యమ్మ పక్కున నవ్వింది. "ఇగ సంకల ఏసుకొని అంట్లు తోముతదేమొ! తమ్మీ, నీ పెండ్లాం పాలమ్మెటోళ్ళ తీర్గ తిరుగుతదట."

"గది సంతకు పొయ్యేటోళ్ళకు. మనింటికి నలుగురు పెద్దమనుషులొస్తరు," అన్నాడు గాబ్రియేలు.

"పిల్ల గొంతు వస్తది గద, ఆ ఒక్కనాడు..."

"సచ్చినదాని కోసం కొంటున్ననా నేను? ఉన్నోళ్ళ కోసం కొంటున్న," అన్నాడతను దుకాణంలో నలుగురూ వినేటట్టు. మహమూద్ తల వంచుకుని గుడ్డతో పెద్దపెట్టె తుడవసాగాడు.

పెద్దదే ఇంటికి వచ్చింది. ముందర గదిలో లలిత రాసుకునే బల్ల ఖాళీ చేసి దాని మీద పెట్టారు. పుస్తకాలు గోనెసంచిలో కట్టి అటక మీదికి విసిరింది సౌభాగ్యమ్మ. చిన్నదాన్ని మర్నాడు పక్కింటి దర్జీ మన్సూర్ కొనుక్కున్నాడు. అతని భార్య ఖమర్ జహాన్ గోడ మీంచి ఎత్తి చూపించింది కూడా.

వాళ్ళ వాడలో కొత్తది ఏది తెచ్చినా, కుట్టుమిషనైనా సైకిలైనా, చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేసిందాకా వాడరు. దానమ్మకూ అదే నమ్మకం. ప్రార్థన కాకుండా కొత్త కుండలో నీళ్ళు కూడా పోసి ఎరగదు. అయ్యగారు ఊళ్ళు తిరిగే పనిమీద టేక్మాల్ పోయారు. తెల్ల గుడ్డ కప్పుకుని రేడియో ఆరు రోజులు మూగగా కూర్చుంది. ఆదివారానికి వస్తారని తెలిసి దానమ్మ తనే కబురంపింది, అయిదింటికే రమ్మని.

ఆయన వచ్చేసరికి ఆరుంబావు. గది నిండా జనం. ముందు చాయ్, బిస్కట్లు. తర్వాత కీర్తన చదివారు. దానమ్మ చూపు గోడగడియారం మీదే ఉంది.

"అయ్యగారూ, ఆరున్నరైతుంది," అంది మెల్లగా.

"దేవుని కాడ తొందరేందే," అని సౌభాగ్యమ్మ ఆమె మోచేయి గిల్లింది. "కండ్లు మూస్కో."

ప్రార్థన మొదలైంది. అయ్యగారు మంచి గొంతున్న మనిషి. పెట్టెను దీవించారు, పైనున్న జాలిని దీవించారు. గాబ్రియేలు ఉద్యోగాన్ని, సౌభాగ్యమ్మ మోకాలి నొప్పిని దేవుడికి అప్పజెప్పారు. ఆఖరున లలిత దగ్గరికి వచ్చి అక్కడ ఆగిపోయారు. పూవులాంటి బిడ్డ, పరలోకంలో దూతల నడుమ పాడుతున్న బిడ్డ, ఈ తల్లిని ఓదార్చు ప్రభువా అంటూ గొంతు పెంచారు. జనం ముక్కులు చీదారు.

గోడ అవతల నుంచి దారప్పోగంత సన్నగా ఏదో పాట. దానమ్మ కళ్ళు తెరిచింది. లేవబోయింది. ప్రార్థన నడుమ లేచిన ఆడది ఆ వాడలో ఇంతవరకు లేదు. సౌభాగ్యమ్మ కళ్ళు మూసుకునే ఆమె చెయ్యి పట్టి కిందికి గుంజింది. దానమ్మ కూర్చుంది. చెవులు రిక్కించింది. అయ్యగారి గొంతు తప్ప మరేదీ వినబడలేదు.

ఆమెన్ అన్నారు. గాబ్రియేలు గుడ్డ తీసి మీట తిప్పాడు. అందరూ వంగి చూశారు. పచ్చకన్ను నిదానంగా, నిద్ర లేస్తున్నట్టు తెరుచుకుంది. గురగుర మంది. ఆ తర్వాత మగ గొంతు, "ఇంతవరకు మీరు విన్నవి మెదక్ గాయక బృందం పాడిన క్రైస్తవ భక్తిగీతాలు," అని చెప్పింది. వెంటనే వరినాట్ల ముచ్చట మొదలైంది.

"ఎంత సాఫుగ వస్తుంది చూడుండ్రి!" అన్నాడు గాబ్రియేలు.

"మల్ల ఎప్పుడేస్తరు?" అని అడిగింది దానమ్మ.

"నన్నడిగితె? నేనేమన్న రేడియోల పని చేస్తున్ననా? పో, అయ్యగారికి ఇంకో చాయ్ తే."

తెచ్చింది. కప్పు అందిస్తుంటే, "ఏడ్పు మొకంతోటి పంచకు, శుభమా అని," అంది ఆడబిడ్డ.

తెల్లవారి దానమ్మ నీళ్ళు తోడుతుంటే ఖమర్ జహాన్ గోడ దగ్గరికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అక్కా! నిన్న మీరు విన్నరు గద. మా చిన్నదాంట్ల గూడ వచ్చింది. మా ఆయన మిషన్ ఆపిండు, ఇద్దరం చెవి పెట్టి విన్నం. లలితమ్మ ముంగట ఒక్కతే పాడింది. మీ పెద్దదాంట్లయితే ఇంకా మస్తుగ వచ్చి ఉంటది."

దానమ్మ చేద గట్టు మీద పెట్టింది. వినలేదని చెప్పలేదు.

"నడుమల దగ్గిందా?" అని అడిగింది.

ఖమర్ జహాన్ ఆలోచించింది. పిల్ల పాటకు వంక పెట్టినట్టవుతుందని కాబోలు జంకింది. దానమ్మ గోడ పట్టుకుని నిలబడి చూస్తూనే ఉంది.

"ఆ... ఒక్కపారి, అక్కా," అంది చివరికి. "చిన్నగ."

"ఎట్ల?"

ఖమర్ జహాన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నగా దగ్గి చూపించింది.