దరఖాస్తులో కూతురి పేరు

డెబ్బయ్యో దశకం మొదట్లో బోధన్ నుంచి నిజామాబాద్ వెళ్లే బస్సులో, నా పక్కన కూర్చున్నాయన నా జేబులోని పెన్ను చూసి ఒక తెల్లకాగితం చాపాడు.

"తమ్మీ, లేబర్ ఆఫీసుల ఇయ్యాలె. జర దరఖాస్తు రాసిపెడ్తవా?"

చెరకు లేక ఆయన పనిచేసే ఖండసారి చక్కెర మిల్లు ఆగిపోయిందట. ఆగినన్నాళ్లూ సగం జీతం రావాలి. అందుకు రోజూ గేటు దగ్గరికి వెళ్లి హాజరు వేయించుకోవాలి. రెండు రోజులు వెళ్లలేదని ఆయనకు మొత్తం ఆపేశారు.

"ఎందుకు పోలేదన్నా?"

"బిడ్డ పుట్టిన మూడోనాడే సచ్చిపోయింది. సచ్చిపోయినట్టు కాగితం తెమ్మంటున్రు. పేరు గూడ పెట్టని పిల్లకు కాగితం ఎవలిస్తరు?"

ఆ మాటే రాయడం మొదలుపెట్టాను. 'నా కూతురు' అన్న దగ్గర పెన్ను ఆగింది.

"పేరు పెట్టలేదని రాయనా?"

బస్సు ఎడపల్లి దాటింది.

"గంగమణి అని రాయి," అన్నాడు.

రాశాను. ఆయనకు చదువు రాదు. ఆ పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. వేలు పెట్టి చూపించాను.

జీతం వచ్చిందో లేదో నాకు తెలియదు. నిజామాబాద్‌లో దిగేదాకా ఆయన ఆ కాగితాన్ని మడవలేదు.