మా రాజు ఒక్కసారి దుంకొచ్చు

గద్వాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ని. ప్రపంచీకరణ పాఠం పిల్లలకు అర్థమయ్యేది కాదు. నాకూ కాలేదన్న సంగతి వాళ్లు కనిపెట్టకపోవడం నా అదృష్టం.

మాది తెలకపల్లి దగ్గర పల్లె. గద్వాలలో నాకున్న మనిషి ఒక్కడే, నా అద్దె గది కింద మగ్గం నేసే ఇంటాయన. మామా అని పిలిచేవాణ్ని, ఆయన అల్లుడా అనేవాడు. పొద్దు గుంకే వేళకు ఆయన మగ్గం గుంతలోంచి నడుం పట్టుకుని లేచి, చదరంగం పలక వేసేవాడు. ఆదివారాలు ఆయనతో తప్ప ఇంకెవరితోనూ నోరు విప్పే పని పడేది కాదు. ఆ ఒక్క ఆట కోసం మిగతా రోజంతా గడిపేవాణ్ని.

మా ఆటలో రాజు ఒక్కసారి గుర్రంలా దుంకొచ్చు. మా పల్లెలోనూ అంతే. లోకమంతా అంతేననుకున్నాను.

ఇంతలో బస్టాండు దగ్గర నెట్ సెంటర్ తెరిచారు. కంప్యూటర్లో చదరంగం ఆడొచ్చంటే వెళ్లాను. అవతల ఎవరో ఫిన్లాండ్ మనిషి. మొహం లేదు, జెండా ఉంది. ఇరుకున పడగానే నా రాజును దుంకించబోయాను. కదలలేదు. నెట్ సెంటరాయన వచ్చి, మౌసు తిరగేసి, లోపలి గోళీ తీసి అంగీకి తుడిచాడు. "ఇప్పుడు కొట్టు సార్" అన్నాడు. అప్పుడూ కదలలేదు. తప్పు మౌసుది కాదని ఒప్పుకోవడానికి నాకు ఇంకో గంట పట్టింది.

చదువుకున్నవాణ్ని కదా, తెలిసింది కడుపులో ఉంచుకోలేకపోయాను.

"మామా, మన ఆట తప్పంట. రాజు దుంకొద్దంట."

"ఎవడన్నడు?"

"ప్రపంచమంతా గట్లనే ఆడుతరంట."

"ప్రపంచానికి మన ఇంటి దిక్కు ఏం పని పడ్డది?" అన్నాడు. అయినా నా మాట తీసెయ్యలేక, "సరే, కానీ" అన్నాడు.

ఆ సాయంత్రం నా మంత్రి ఆయన రాజును మూలకు నెట్టింది. ఆయన చెయ్యి అలవాటు కొద్దీ రాజును ఎత్తి దుంకించింది.

"గట్ల చెల్లదు మామా."

రాజును మళ్లీ పాత గడిలో పెట్టి కాసేపు చూశాడు. "అయితే సచ్చినట్టే గదా" అన్నాడు. అంత సులువుగా నేను ఆయన మీద ఎప్పుడూ గెలవలేదు.

మర్నాడు కండ్లు గుంజుతున్నాయన్నాడు. ఆ మర్నాడు పెండ్లి చీర అర్జెంటన్నాడు. వారం రోజులు కారణాలకు కరువు రాలేదు. ఇక లాభం లేదని నేనే పలక తీసి ముందు పెట్టాను.

"మన తీరుగనే ఆడుదం మామా. నువ్వు దుంకు."

నవ్వాడు. "ఇంగ యెట్లయితది అల్లుడా? ఇన్నేండ్లు దుంకిన, ఎన్నడు దొంగతనం లెక్క అనిపియ్యలే. ఇప్పుడు అనిపిస్తది."

లోపలికి పోయి చాయ్ తెచ్చాడు. చాయ్ బాగానే ఉంది. కొత్త చుట్టానికి ఇచ్చినట్టు కప్పు కింద సాసరు పెట్టి ఇచ్చాడు.

ఆ ఏడాది నేను బ్రెజిల్‌తో ఆడాను, పోలండ్‌తో ఆడాను. గెలిచిన రోజున ఎవరికైనా చెప్పాలనిపించి, మెట్లెక్కబోతూ మగ్గం గది ముందు ఆగేవాణ్ని. మామ పనిలోంచి తలెత్తి చూసేవాడు.

"తిన్నరా సార్?" అనేవాడు.