లోకం పుట్టుక తేలేదాకా నిలబడ్డ నా కూతురు

మా అన్నయ్యకీ మా అల్లుడికీ ఉన్న తగువు పొలం గురించి కాదు, చెరువు గురించీ కాదు. ఈ లోకం ఎలా పుట్టిందన్న దాని గురించి. పొలం తగువైతే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఏదో ఒకటి తేల్చుకునేవాళ్లం. దీనికి సాక్షుల్ని ఎక్కడినుంచి తెచ్చేది?

అన్నయ్యది ఆకివీడు. చేపల మేత వ్యాపారం, చర్చిలో సంఘపెద్ద. అల్లుడు తాడేపల్లిగూడెంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెప్పే లెక్చరరు. ఇద్దరూ మంచివాళ్లే. విడివిడిగా ఎవరి దగ్గర కూర్చున్నా హాయిగా పూట గడపొచ్చు. ఒక్కచోట కూర్చోబెడితే మాత్రం కాఫీ చల్లారేలోపు ఆకాశం మీదికి వెళ్లిపోతారు.

నాకు చదువు నలభై దాటాక వచ్చింది. అప్పటిదాకా రొయ్యల షెడ్డులో తలలు తీసే పని ఒక్కటే తెలుసు. ఊళ్లో రాత్రి బడి పెడితే, వేళ్లు ఇంకా రొయ్య వాసన కొడుతుండగానే పలక పట్టుకున్నాను. కూడబలుక్కుని చదవడం వచ్చాక మొదట తెరిచింది బైబిల్లో సృష్టి గురించిన వాక్యమే. చిన్నప్పటినుంచీ చెవులతో విన్నదాన్ని కళ్లతో చూసుకుందామని. చదివి అన్నయ్యని అడిగాను.

"అన్నయ్యా, దీనికంతటికీ ముందు దేవుడు ఏం చేస్తుండేవాడు?"

"అలాంటివి అడక్కూడదమ్మా," అన్నాడు.

తర్వాత అల్లుడు నాకు పిల్లల సైన్సు పుస్తకం ఒకటి ఇచ్చాడు. అంతా ఒక చుక్కంత చోటులోంచి పెద్ద పేలుడులా విచ్చుకుని వచ్చిందని అందులో ఉంది. అదీ వేలు పెట్టుకుని చదివాను.

"బాబూ, ఆ చుక్కకి ముందు ఏముందండీ?"

"ఆ ప్రశ్నకి అర్థం లేదండీ అత్తయ్యగారూ. అప్పటికి ముందూ వెనకా అనేవే లేవు."

ఇద్దరూ సరిగ్గా ఒకే గుమ్మం దగ్గర నన్ను ఆపేశారు. మరి తగువెందుకో నాకు ఈనాటికీ బోధపడదు.

నేను చెప్పేది రెండువేల ఎనిమిదిలో, వానలు ఇంకా వదలని రోజుల సంగతి. ఎక్కడో విదేశంలో భూమి కింద పెద్ద యంత్రం తిప్పుతున్నారని టీవీలో పొద్దస్తమానం అదే గోల. దాంతో లోకం మొదలెలా అయిందో తెలుస్తుందని కొందరు, లోకమే అంతమైపోతుందని కొందరు. సరిగ్గా అప్పుడే నా కూతురికి తొమ్మిదో నెల పడింది.

అంతకు ముందోసారి పిల్లకి కడుపు నిలవలేదు. అల్లుడు కాలేజీలో, నేను షెడ్డులో. అద్దె ఇంట్లో ఒక్కతే ఉండి పడింది ఆ బాధంతా. ఆ కబురు విన్న రోజునుంచీ, ఈసారి నా ఇంట్లో, నా కళ్లముందు ఉండాలని నాకొకటే పట్టు. ఇంటికి వెల్ల వేయించాను. నవారు మంచం బిగించాను. షెడ్డు పని మానేశాను.

మాలో ఆడపిల్లని పురిటికి తీసుకురావాలంటే మేనమామ వెళ్లాలి. అల్లుడి గుమ్మంలో ప్రార్థన చెయ్యాలి. అందరూ ఆమెన్ అన్నాకే పిల్ల గడప దాటాలి. ఎప్పటినుంచో అదే పద్ధతి. అందుకని అన్నయ్య కారు మాట్లాడాడు. సున్నుండల డబ్బా ఒళ్లో పెట్టుకుని నేనూ ఎక్కాను. దారి పొడుగునా "అన్నయ్యా, ఆ యంత్రం ఊసు ఎత్తకు" అని చెబుతూనే ఉన్నాను. "నేనెందుకెత్తుతానమ్మా" అన్నాడు.

కుర్చీలో కూర్చున్నాడో లేదో ఎత్తేశాడు.

"ఏవండీ అల్లుడుగారూ, మీ యంత్రం ఏమందండీ? దేవుడేమైనా కనపడ్డాడా అందులో?"

"దేవుడి కోసం కాదండీ మావయ్యగారూ. పేలుడు జరిగిన వెంటనే ఎలా ఉండేదో చూద్దామని."

"పేలుడు! మేం చూశామండీ పేలుడు. కొల్లేట్లో నా చెరువు గట్లు కూడా పేల్చారు కదా. ఏం పుట్టిందండీ అందులోంచి? బురద పుట్టింది."

రెండేళ్ల కిందట ప్రభుత్వం కొల్లేరులో చెరువుల గట్లు కొట్టించినప్పుడు అన్నయ్యకి ఉన్న ఒక్క చెరువూ పోయింది. ఆ దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. అక్కడ అల్లుడు ఊరుకోవచ్చు కదా. ఊరుకుంటే మా అల్లుడెందుకవుతాడు?

"ఆ బురదలోనే కదండీ మళ్లీ నాచు పుట్టింది, పిట్టలొచ్చాయి. ఎవరైనా తెచ్చి పెట్టారాండీ?"

"పెట్టకపోతే పిట్ట గాల్లోంచి ఊడిపడిందా?"

"పిట్ట గాల్లోంచే కదండీ వచ్చేది."

అన్నయ్య మొహం కందగడ్డలా అయింది. నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. "ఇంక లేవండి, ప్రార్థన చేసుకుని బయల్దేరదాం" అని తొందరపెట్టాను. ఎలాగో ముగించానని అనుకున్నాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

మా వాళ్లకో అలవాటుంది. మనిషి మొహం మీద అనలేనిది కళ్లు మూసుకుని దేవుడితో చెబుతారు. ప్రార్థన మధ్యలో ఎవరూ అడ్డు చెప్పకూడదు కదా. అన్నయ్య మొదట దారి గురించి, డ్రైవరు గురించి, పిల్ల ఆరోగ్యం గురించి బాగానే అడిగాడు. ఆ తర్వాత గొంతు పెరిగింది.

"ప్రభువా, నాలుగు పుస్తకాలు చదివి నిన్ను లెక్కలోంచి తీసేసిన ఈ బిడ్డని క్షమించు. సూర్యుణ్ణి ఎవరు వెలిగించారో, సముద్రానికి ఎవరు గట్టు వేశారో ఇతనికి తెలియజెయ్యి. ఏమీ లేనిచోట ఏదీ పుట్టదన్న పాటి ఇంగితం దయచెయ్యి..."

ఆగాడు. నేనూ, నా కూతురూ ఆమెన్ అన్నాం. అల్లుడు అనలేదు. అన్నయ్య కళ్లు తెరవకుండానే మళ్లీ అందుకున్నాడు. ఈసారి చంద్రుడు, నక్షత్రాలు, జలచరాలు. మళ్లీ ఆగాడు. అల్లుడు ఈసారీ అనలేదు. మళ్లీ అందుకున్నాడు. బయట డ్రైవరు హారన్ కొట్టాడు. నేను ఒక కన్ను తెరిచి చూద్దును కదా, పిల్ల గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. పాదాలు వాచి చెప్పులు బిగుసుకుపోయాయి.

నేను అన్నయ్య మాట మధ్యలోనే గట్టిగా "ఆమెన్!" అని అరిచాను. ఇద్దరూ కళ్లు తెరిచారు.

"అతను అనాలమ్మా," అన్నాడు అన్నయ్య.

"నేను ఒప్పుకోని మాటకి ఆమెన్ అంటే అబద్ధం కదండీ మావయ్యగారూ. అబద్ధమాడి పంపమంటారా?"

"దేవుడు లేడన్న గుమ్మంలోంచి పిల్లని నేను తీసుకెళ్లను."

"లేడనలేదండీ. తెలీదన్నాను."

"రెండూ ఒకటే!"

"ఒకటి కాదండీ!"

"లోకం ఎప్పుడో పుట్టేసింది నాయనలారా," అన్నాను. "ఎలా పుట్టినా మళ్లీ లోపలికి పోదు. ఇప్పుడు పుట్టాల్సింది ఇంకొకటుంది, దాని సంగతి చూడండి."

నా మాట ఎవరు విన్నారు? పిల్ల మెల్లగా గడప మీద కూలబడింది.

"మావయ్యా, నువ్వు కారు తీసుకుని వెళ్లిపో. నేను రాను."

"అదేంటమ్మా, నీ కోసమే కదా వచ్చింది!"

"నా కోసమా? కూర్చోవే అని మీలో ఒక్కరైనా అన్నారా? అమ్మా, నువ్వు మాత్రం ఇక్కడే ఉండిపో."

అన్నయ్య ఖాళీ కారులో వెళ్లిపోయాడు. వెల్ల వేసిన నా ఇల్లు తాళంలో ఉండిపోయింది. నేను ఆ అద్దె ఇంటి వంటగదిలో చాప వేసుకున్నాను.

ఒకరోజు అల్లుడు బియ్యం కడుగుతూ అడిగాడు. "ఆ రోజు ఆమెన్ అనేస్తే పోయేదాండీ అత్తయ్యగారూ?"

"పోయేది."

"అబద్ధమైనా?"

"ఆ కాళ్లు చూశాక ఆడాల్సిందే ఆ అబద్ధం. మా అన్నయ్యని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. దేవుడి భుజం మీదినుంచి మీతో వాదించడం ప్రార్థనా?"

నేను దేవుణ్ణి నమ్ముతాను. ఆ పేలుడు పుస్తకమూ కట్టుకథ అనిపించలేదు. నాకు అర్థమైనంతలో, సైన్సు ఎంత వెనక్కి నడిచినా ఇంకా వెనక ఏముందన్న మాట మిగిలే ఉంటుంది. దేవుడు చేశాడంటే నా మనసు కుదుటపడుతుంది గానీ, ఎలా చేశాడో తెలిసిపోయినట్టు కాదు. ఎవరి చేతికీ అందని దానికోసం చేతికందే మనిషిని నిలబెట్టేస్తారే, అదే నా కడుపుమంట.

ఆసుపత్రిలో పొద్దున్నపూట ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. కబురు అందగానే అన్నయ్య బస్సెక్కి వచ్చాడు. అల్లుడు స్టూలు తెచ్చి వేశాడు. ఇద్దరూ పక్కపక్కనే ఆ పసిగుడ్డు మీదికి వంగారు. నేను మురిసిపోయాను. ఎక్కువసేపు కాదు.

"చూశారాండీ ఈ గోళ్లు! ఇదంతా దానంతటదే వచ్చిందంటారా?" అన్నాడు అన్నయ్య.

"దానంతటదే ఎక్కడండీ, మీ మేనకోడలు మోసింది," అన్నాడు అల్లుడు.

"అది సరేనండీ, అసలు మొట్టమొదట..."

టిఫిను పట్రండని ఇద్దర్నీ బయటికి తోలాను. ఇడ్లీలు తెచ్చారు. పచ్చడి మర్చిపోయారు. ఉత్త ఇడ్లీ నములుతూ పిల్ల నన్ను అడిగింది, "మనింటికి ఎప్పుడెళ్దామమ్మా?" అని.

ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపిన రోజున మా ఊరికి కారు నేనే మాట్లాడాను. తల్లినీ బిడ్డనీ వెనక సీట్లో సర్దాను. గేటు పక్క టీ బడ్డీ దగ్గర ఆ ఇద్దరూ గ్లాసులు పట్టుకుని నక్షత్రాల మీద ఉన్నారు.

"మగవాళ్లు ఎక్కరాండీ?" అన్నాడు డ్రైవరు.

"వాళ్లకి ఇంకా తేలలేదు బాబూ. బస్సులో వస్తారు. నువ్వు పోనియ్యి," అన్నాను.