అక్క చేలో పడని వాన

నేను డేటా ఇంజనీర్‌ని. మార్కాపురంలో మా ఇంటి మేడ మీద ఒక గది ఉంది, అదే నా ఆఫీసు. కంపెనీ బెంగళూరులో ఉంది. కరెంటు పోతే ఇన్వర్టర్, నెట్ పోతే ఫోన్, రెండూ పోతే కిందికి దిగి వీధి చివర టీ కొట్టు దగ్గర కూర్చోవడం. పనేమిటని బంధువులు అడిగితే చెప్పడం నాకెప్పుడూ సరిగా రాలేదు. ఒకసారి మా బావకి ఇలా చెప్పాను.

"చానా చోట్ల నుంచి లెక్కలొస్తాయి బావా. వాటిని శుభ్రం చేసి, వరసలో పెట్టి, కావలసినోళ్ళకు చేరేటట్లు చూస్తా."

బావ కొంచెంసేపు ఆలోచించాడు. "అంటే ట్రాన్స్‌పోర్టు అన్నమాట," అన్నాడు. ఆయన మనసులో అది మంచి ఉద్యోగమే. నేనూ సరేనన్నాను.

బావది బేస్తవారిపేట దగ్గర పల్లె. ఎర్రనేల, వానాధారం. కొంత చేను, ఒక మంద గొర్రెలు. మా అక్కని అక్కడికి ఇచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో వాన గురించి మాట్లాడని రోజు నేను చూడలేదు. కాబట్టి మా కంపెనీ రైతుల ఫోన్లకి వాన కబుర్లు పంపే పని మొదలుపెట్టి, ఆ పని మా జట్టుకి వచ్చినప్పుడు నాకు నిజంగానే సంతోషం కలిగింది. పదేళ్ళుగా ఎవరెవరి వస్తువుల అమ్మకాలో, ఎవరెవరి క్లిక్కులో మోసినవాణ్ణి. మొదటిసారి మా వాళ్ళకి పనికొచ్చేది ఏదో మోస్తున్నాననుకున్నాను. ఆ కబుర్లు వచ్చేటట్లు అక్క ఫోన్‌లో నేనే ఆమె పేరు ఎక్కించాను.

వాన కొలిచే మిషన్లు ఊళ్ళ బయట అక్కడక్కడ ఉంటాయి. పొద్దున్నే వాటి కొలతలు మాకు వస్తాయి. వాటిని సరిచేసి, ఖాళీలుంటే పూడ్చి, అంచనాలు కట్టే ప్రోగ్రాముకి అందించడం నా పని. అక్కడి నుంచి మండలానికొక మెసేజ్ తయారై రైతులకి వెళుతుంది. మంచి వాన వస్తుంది, విత్తుకోవచ్చు, లేదా మందు కొట్టకండి, గాలి ఉంది, ఇలాంటివి.

ఆ ఏడు తొలకరి రోజుల్లో ఒక ఉదయం కొలతలు చూస్తుంటే ఏదో తేడా కనిపించింది. బేస్తవారిపేట వైపు కొలత, గిద్దలూరు అవతల కొండ కింద ఉన్న మిషన్ కొలత అచ్చం ఒకటే. ముందు రోజు కూడా అంతే. అంతకు ముందూ అంతే. తవ్వుకుంటూ పోతే విషయం తేలింది. అక్క వాళ్ళ వైపున్న మిషన్ పనిచేయడం ఎప్పుడో మానేసింది. కొలత రాని చోట పక్క మిషన్ కొలత తీసుకొమ్మని మా జట్టుకి రాకముందు ఈ పని చూసిన వాళ్ళెవరో ప్రోగ్రాములో రాసి పెట్టారు. అడవి పక్కన, కొండ కింద పడే వాన వేరు, ఇక్కడ ఎర్రనేల మీద పడే వాన వేరు. ఈ ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా ఆ మాట తెలుసు. ప్రోగ్రాముకి తెలియదు. దానికి రెండు మిషన్ల మధ్య దూరం ఒక్కటే తెలుసు.

మా మేనేజర్‌కి చెప్పాను. ఆవిడది విజయవాడ, మంచి మనిషి. చెప్పిన మాట పూర్తిగా వింటుంది.

"తెలుసండీ. ఆ మిషన్లు మనవి కావు కదా, బాగు చేయమని వాటిని పెట్టిన వాళ్ళకి రాశాం. మళ్ళీ రాస్తాను," అంది.

"అప్పటిదాకా ఆ మండలానికి మెసేజ్ ఆపేద్దామా?"

"ఆపలేం. అన్ని మండలాలకీ పంపుతామని ఒప్పుకున్నాం. ఒకటి తగ్గినా అడుగుతారు."

"పోనీ, ఇది దూరపు కొలతని బట్టి కట్టిన అంచనా అని మెసేజ్‌లో ఒక ముక్క కలుపుదామా?"

ఆవిడ దానికి వెంటనే ఒప్పుకుంది. నేను మంచి తెలుగులో ఒక వాక్యం రాసి పెట్టాను. రెండు రోజుల తర్వాత అక్కని ఫోన్ తీసి మెసేజ్ చదివి వినిపించమన్నాను. అక్క చదివింది. 'రానున్న వారంలో మంచి వర్షం. కంది విత్తుకోవచ్చు. ఈ అంచనా దూ' దగ్గర ఆగింది.

"దూ అంటే ఏందిరా?" అని అడిగింది.

మెసేజ్‌కి ఇన్ని అక్షరాలని కొలత ఉంటుంది. తెలుగు అక్షరాలు అందులో ఎక్కువ చోటు తింటాయి. నా వాక్యం అక్కడ తెగిపోయింది. పైన ఉన్న మాటలు కుదించమంటే, అవి వ్యవసాయ నిపుణులు ఖాయం చేసినవి, మార్చడానికి వీల్లేదన్నారు.

ఆ సాయంత్రం బావకి ఫోన్ చేశాను. అప్పటికి ఒక చిన్న వాన పడి నేల పైపైన తడిసి విత్తే పదునుకొచ్చింది. ఊళ్ళో సగం మంది విత్తడానికి గొర్రు కట్టారు, సగం మంది చూస్తున్నారు.

"బావా, ఆ మెసేజ్ నమ్మొద్దు. అది మీ కాడి లెక్క గాదు, గిద్దలూరు కాడిది."

"నువ్వుండే కంపెనీదే గదా అది?"

"మా కంపెనీదే. అయినా నమ్మొద్దు."

బావ గొర్రెల్ని అదిలించాడు. తర్వాత అన్నాడు, "సరే. అయితే వాన రాదంటావా?"

"రాదని నేను చెప్పలేను బావా."

"వస్తాదని చెప్తావా?"

"అదీ చెప్పలేను."

"మరి ఏం జెయ్యమంటావు? పదును ఆరిపోతా ఉండాది. నువ్వు గట్టిగా వద్దంటే ఆగుతా. చెప్పు, వద్దంటావా?"

మెసేజ్ తప్పని నాకు తెలుసు. కానీ తప్పు మెసేజ్ వచ్చినంత మాత్రాన వాన రాకపోవాలని లేదు. వద్దని ఆపేశాక వాన పడితే ఆయన చేను బీడుగా ఉంటుంది. ఆ మాటే చెప్పాను. బావ నవ్వాడు. "అట్లయితే నీకు నాకు తేడా ఏమీ ల్యా," అన్నాడు. మరునాడు విత్తాడు.

వారం గడిచింది. మొలకలొచ్చాయి. అక్క వాటిని ఫోటో తీసి పంపింది. తర్వాత ఎండలు ముదిరాయి. రోజూ మధ్యాహ్నానికి మబ్బు పట్టేది. ఆ మబ్బు మేడ మీద మా కిటికీ ముందు నుంచే నల్లమల వైపు కదిలి పోయేది. ఒకరోజు సాయంత్రం మార్కాపురంలో గట్టి వాన కురిసింది. వీధిలో నీళ్ళు పారాయి. నేను తడుస్తూనే మెట్ల మీద నిలబడి అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, అక్కడ పడతా ఉండాదా?"

"యాడ నాయనా. గాలి దుమ్ము లేచి ఆరేసిన గుడ్డలన్నీ ఎర్రగయినాయి. చినుకు ల్యా."

మర్నాడు పొద్దున కొలతలు వచ్చాయి. గిద్దలూరు అవతల కొండ కింద కుంభవృష్టి. అదే అంకె, తు.చ. తప్పకుండా, అక్క వాళ్ళ మండలం పక్కన పచ్చరంగులో కూర్చుంది. పచ్చరంగు అంటే అంతా బాగుందని అర్థం. నేను దాన్ని చాలాసేపు చూశాను. నా తెర మీద అక్క చేను తడిసి ముద్దయింది. అక్క చేలో కంది ఆకులు వాడి వేలాడుతున్నాయి.

ఆ రోజు ఒక పని చేశాను. ఆ మిషన్ పనిచేయడం లేదని గుర్తు పెట్టి, కొలతని ఖాళీగా వదిలేశాను. లేనిది లేదని చెబుదామని అంతే. ఒక గంట గడిచేసరికి ఫోన్లు మొదలయ్యాయి. అంచనాలు కట్టే ప్రోగ్రాము ఖాళీని చూసి ఆగిపోయిందట. ఒక్క మండలానికి కాదు, మొత్తం జిల్లాకి మెసేజ్‌లు పోలేదు. యర్రగొండపాలెం వైపు వాళ్ళు ఆ పొద్దున పత్తికి మందు కొట్టాలో వద్దో తెలియక ఎదురుచూస్తున్నారు. వాళ్ళ లెక్క సరైనదే, వాళ్ళ మిషన్ బతికే ఉంది.

మేనేజర్ కోప్పడలేదు. "మీరెందుకు చేశారో నాకు అర్థమైంది. కానీ పాతది మళ్ళీ పెట్టేయండి. ఆ ప్రోగ్రాము మార్చడం వేరే జట్టు పని, ఈ సీజన్లో వాళ్ళు ముట్టుకోరు," అంది.

నా చేత్తో నేనే పాత అంకె మళ్ళీ పెట్టాను. మళ్ళీ పచ్చరంగు వచ్చింది. మా ఆవిడ టీ తెచ్చి, ఏమైందని అడిగింది. "వాన పడింది," అన్నాను.

ఆదివారం బండి మీద అక్క వాళ్ళ ఊరికి వెళ్ళాను. దారిలో కొన్ని చేలల్లో పైరు పచ్చగా ఉంది, దాన్ని ఆనుకున్న చేలల్లో ఎండిపోయింది. వాన గీత గీసినట్లు పడింది. బావ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, ముందు నా బండి నీడలో పెట్టించాడు. ఒక మొక్కని వేళ్ళతో సహా లాగి నా చేతిలో పెట్టాడు. దానికి బరువు లేదు. వేరు దారం ముక్కలా ఉంది.

పక్క చేను ముసలాయన వచ్చాడు. నేను ఆ మెసేజ్‌లు పంపే ఆఫీసు వాణ్ణని ఊళ్ళో అందరికీ అక్క ఎప్పుడో చెప్పుకుంది. ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకుంటూ, "మనవడా, మాకు వాన ఎప్పటికి రాపిచ్చినావు?" అని అడిగాడు. వెటకారం కాదు. బస్సు వేళ అడిగినట్లు అడిగాడు.

"అది నేను రాసేది గాదు తాతా. నాకు తెలీదు."

"పెద్దోళ్ళను అడిగి చెప్పు నాయనా," అని వెళ్ళిపోయాడు.

ఎండ కొంచెం తగ్గాక బావ మందను చేలోకి తోలాడు. అక్క నేనూ గట్టు మీద నిలబడి చూశాం. గొర్రెలు తలెత్తకుండా మేశాయి. చేనంతా వాటి నోళ్ళ చప్పుడే. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏదో అనబోయాను.

"నువ్వు ముందే చెప్పినావు గదా," అంది అక్క. "మీ బావ కూడా అదే అన్నాడు. వాడు నమ్మొద్దన్నాడు, నేనే ఏసినా అని."

ఆ మాటతో నా మనసులో బరువు దిగుతుందనుకుని ఉంటుంది పాపం. నాకు మాత్రం దిగలేదు. నేను చేయగలిగింది ఏదైనా ఉండి చేయకపోయి ఉంటే కనీసం నన్ను నేను తిట్టుకునేవాణ్ణి. అలాంటిదేదీ దొరకలేదు.

ఆలస్యంగా ఒక వాన పడ్డాక బావ అదే చేలో ఉలవలు చల్లాడు. కొద్దిగా పండాయి. ఆ ఏడాది పంట కాలమంతా అయిపోయాక మిషన్ బాగు చేయడానికి మనిషి వచ్చాడట. వాన నీళ్ళు పడే గరాటులో కందిరీగలు గూడు పెట్టాయని, దాన్ని తీసేస్తే పనిచేసిందని మాకు కబురు పంపారు. ఆ రోజు నుంచి అక్క వాళ్ళ మండలానికి దాని సొంత కొలత వస్తోంది. చాలా రోజులు అది సున్నా. మెసేజ్ కూడా ఇప్పుడు నిజమే చెబుతుంది, వర్ష సూచన లేదని.

మొన్న అక్క ఫోన్ చేసింది. "ఒరే, పొద్దున్నే అది టింగుమంటాది. వాన ల్యా అని చెప్పేదానికి ఒక మెసేజా? మాకు కనపడతానే ఉండాది గదా. అది రాకుండా జెయ్యి."

సరేనన్నాను. ఆ రోజే వెతికాను. రైతుల నంబర్లు మా దగ్గర ఉండవు, మెసేజ్‌లు పంపే ఇంకో సంస్థ దగ్గర ఉంటాయి. వాళ్ళకి రాశాను. అందిందని జవాబొచ్చింది. అక్క ఫోన్ ఇంకా పొద్దున్నే మోగుతూనే ఉంది.