బాలింతల వీధిలో ఎన్నికల ప్రచారం

రెండు వేల పంతొమ్మిది మార్చిలో మా ఇంట్లో టీవీకీ నాకూ పడేది కాదు. చర్చలో నలుగురు అరుస్తుంటే అయిదోవాడిగా సోఫాలోంచి నేను అరిచేవాణ్ణి. ఒక శనివారం మా ఆవిడ రిమోట్ లాక్కుని, "మీరరిచేది వాళ్లకి వినపడదు. నాకు వినపడుతుంది. రేపు ఎక్కడికైనా వెళ్లి రండి," అంది. నేను కొత్తవలసలో హైస్కూలు సైన్సు మాస్టారిని. మా పిల్లలకి నేను చెప్పేది ఎంత అర్థమవుతుందో తెలియదుగానీ, మా ఆవిడ చెప్పేది నాకు ఒక్కసారికే అర్థమవుతుంది.

ఎక్కడికి వెళ్లాలన్నది మా తెలుగు మాస్టారు తేల్చారు. నౌపడా దగ్గర ఒక పల్లెలో ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి పెరటి చింతచెట్ల మీద గూళ్లు కడతాయట. చాలామట్టుకు వెళ్లిపోయాయట, ఒకటి రెండు గూళ్లలో పిల్లలు ఇంకా ఉన్నాయట. అప్పన్న అనే ఆటో అతని ఫోను నంబరు కూడా ఇచ్చారు. ఆ పల్లె పేరు మాత్రం ఇక్కడ రాయను. "రాసావంటే బస్సులేసుకుని వచ్చేస్తారు" అని అక్కడి పెద్దావిడ నా చేత ఒట్టేయించుకుంది. నిజంగా చూడాలని ఉన్నవారు నౌపడాలో దిగి ఆకాశంలోకి చూస్తే చాలు, దారి అదే తెలుస్తుంది.

ఆదివారం ఉదయం ఆరూ ఇరవైకి రావలసిన పలాస ప్యాసింజరు ఆరూ నలభై అయిదుకి వచ్చింది. టికెట్టు ముప్పై రూపాయలు. విజయనగరంలో నాలుగు ఇడ్లీలు పొట్లం కట్టించుకున్నాను. చట్నీ పొట్లం చిరిగి చొక్కా జేబు తడిసింది. ఎదుటి సీట్లో ఇద్దరు పెద్దమనుషులు నెల్లిమర్ల నుంచే రాజకీయాల్లో మునిగి ఉన్నారు. వారిలో ఒకాయన నా వైపు తిరిగి, "ఈసారి గాలి ఎటుందంటారు మాస్టారూ?" అన్నాడు.

"కిటికీ వైపు," అన్నాను.

ఇద్దరూ నవ్వలేదు. పొందూరు దాకా నాతో మాట్లాడలేదు కూడా.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఖాళీ చేపల గంపతో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"కొంగల్ని సూడ్డానికి రైలెక్కి వస్తన్నావా? మాకాడ ఎండేసిన సేపలన్నీ అయ్యే ఎత్తుకుపోతన్నాయి. వచ్చి అట్టుకుపో నాయినా, ఊరికినే ఇస్తాను."

పది అవడానికి అయిదు నిమిషాలుండగా నౌపడాలో దిగాను. ఉప్పుమళ్ల మీద ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. అప్పన్నకి ముప్పై అయిదేళ్లుంటాయి. మెడలో ఒక పార్టీ కండువా, ఆటోకి నాలుగు జెండాలు. మంగళవారం నుంచి నాకు ఎన్నికల డ్యూటీ శిక్షణ. ఈ ఆటోలో ఎవరైనా నన్ను ఫొటో తీస్తే ఆ శిక్షణ ఇంకో రకంగా ఉంటుంది. దుమ్మన్న వంక పెట్టి ముఖానికి రుమాలు కట్టుకున్నాను.

"దొంగలాగున్నావు సార్," అన్నాడు అప్పన్న ఆదరంగా. "పదకొండుకి మా కేండిడేటు మా ఊరొస్తన్నాడు. డీజే పెట్టినాను. రెండు పెట్టిల టపాసులు. సూసి ఎల్లు."

మనిషికి ఇరవై రూపాయలు తీసుకుని ఊరి మొదట్లో దింపాడు. రెండే వీధులు. రెండో వీధి నిండా చింతచెట్లు, వాటి కింద ఇళ్ల కప్పులూ గోడలూ అన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. సున్నం ఎవరు కొట్టారో వాసన చెప్పింది. అప్పన్న మేనత్త నీలమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో చోళ్లు, అదే రాగులు, చెరుగుతోంది. చెట్టు ఆవిడ పెరట్లోదే. తల ఎత్తి చూశాను. పై కొమ్మ మీద గూడు, అందులో బూడిదరంగు పిల్లలు మూడు. పక్కనే తల్లి ఉంది. పసుపు ముక్కు, నారింజరంగు ముఖం, తోక దగ్గర గులాబీ ఈకలు. పెళ్లికి ముస్తాబైన మనిషి కొమ్మెక్కి నిలబడ్డట్టుంది.

చూస్తున్నంతలో నా భుజం మీద ఏదో టప్పుమని పడింది. ఇంకోటి పడేలోపల తెలివిగా గొడుగు మీట నొక్కాను. నల్ల గొడుగు ఫట్టుమని తెరుచుకుంది. చెట్టంతా ఒక్కసారి కదిలింది. తల్లి ముక్కు టకటకలాడించింది. మూడు పిల్లల్లో చిన్నది బెదిరి గూటి అంచుకి జరిగి, ఒక కాలు గాల్లో పెట్టి ఊగింది. నీలమ్మ చేట వదిలేసి వచ్చి గొడుగు లాగి ముడిచేసింది. పిల్ల రెక్కలు కొట్టుకుని లోపలికి పడింది.

"ఓరి నీ గొడుగు తగలెయ్య! ఏటి సేస్తంటావు నువ్వు?"

"సైన్సు మాస్టారినండి," అన్నాను.

"అందుకే!" అంది.

ఆ తర్వాత నా చొక్కా చూసి జాలిపడి, నీళ్లూ ఒక గ్లాసు చోడి అంబలీ ఇచ్చింది. నంజుకోడానికి ఉల్లిపాయ. అంబలి తాగుతుండగా సంగతి చెప్పింది. పెద్దవి రెండూ నాలుగు రోజుల కిందట ఎగరడం మొదలుపెట్టి, తిండికి మాత్రం గూటికి వస్తున్నాయి. చిన్నదానికి రెక్కలు ఇవాళో రేపో ముదరాలి. రెండేళ్ల కిందట పెళ్లి ఊరేగింపులో టపాసులు కాల్చితే, ఇలాంటివే రెండు పిల్లలు బెదిరి కిందికి దూకేశాయి. రెండూ చచ్చిపోయాయి.

"ఎగరడం రాకముందే దూకించేస్తే ఏటవుతాది బాబూ? ఆడపిల్లలు పురిటికొచ్చినట్టొస్తాయివి. పంపినప్పుడు పిల్లల్తో పంపాల కాదేటి?"

సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో అందరూ అంటారని చెప్పింది. ఇవి అంత దూరం నుంచి రావనీ, మన దేశంలోనే నీళ్లను బట్టి తిరుగుతాయనీ చదివింది చెప్పాను. "పుట్టింటికొచ్చిన పిల్లని ఎక్కణ్నించొచ్చేవని అడుగుతారేటి?" అంది. నా చదువు అక్కడితో సరి.

అంతలో తండ్రికొంగ చెరువు వైపు నుంచి వచ్చి వాలింది. ముక్కు వంచి పిల్లల మీద నీళ్లు కక్కింది. తల్లి ఎండకి అడ్డంగా రెక్కలు చాపి నిలబడింది. ఈ పక్షి బురదనీళ్లలో చూసి చేపని పట్టదు. ముక్కు సగం తెరిచి నీళ్లలో అటూ ఇటూ తిప్పుతుంది, చేప తగిలిందో లేదో ఠక్కున మూసేస్తుంది. మనం రెప్ప కొట్టేలోపల పని అయిపోతుంది. పాతికేళ్లుగా స్పర్శజ్ఞానం పాఠం చెబుతూ ఆ నల్లబల్ల దగ్గర నేను ఎప్పుడూ ఇలా నోరు తెరుచుకుని నిలబడలేదు. పిల్లలు మాత్రం గరగరమని అరుస్తున్నాయి. పెద్ద కొంగలకి గొంతు పలకదు, ముక్కులు టకటకలాడించడమే.

"అవును. పెద్దయితే నోరు మూసుకుంటాయి. మన్లాగ కాదు," అంది నీలమ్మ.

పదిన్నరకి అప్పన్న వచ్చాడు. నీలమ్మ సూటిగానే అడిగింది. "ఈ ఈదిలోకి టపాసులూ డీజే తేకురా."

"అత్తా! డీజే లేకపోతే మావోడొచ్చినట్టు ఎవలికి తెలుస్తాది?"

"మనిషొస్తే కనపడడేటి?"

"పరువు పోతాది అత్తా. పై ఊర్లో ఎంత గొప్పగా సేసినారో నీకు తెలీదు."

"నీ పరువు రేపైనా వస్తాది. అది కిందికి దూకితే మళ్లీ వస్తాదేటి?"

అప్పన్న తల గోక్కుని వెళ్లిపోయాడు. ఊరి మొదట్లో డప్పుమని బేసు మోగడం అప్పుడే మొదలైంది. చిన్న పిల్ల మెడ చాపి అటు చూస్తోంది. నీలమ్మ లేచింది. పెరట్లోంచి బావితాడు తెచ్చింది, పక్కింటి ఇద్దరు ఆడవాళ్లని కేకేసి వేపమండలు విరిపించింది. కరెంటు స్తంభానికీ తన గుమ్మానికీ మధ్య వీధికి అడ్డంగా తాడు కట్టి మండలు గుచ్చింది. పురుడొచ్చిన ఇంటి గుమ్మానికి అలా కడితే ఆ వీధిలో డప్పు మోగదు. అది ఎవరూ రాసిపెట్టని ఎన్నికల నియమావళి. వేపమండలు అందించింది నేనే. ఏ పార్టీ పనీ కాదని ధైర్యం.

పదకొండుంపావుకి డీజే వ్యాను వచ్చి తాడు ముందు ఆగింది. డ్రైవరు పక్క ఊరివాడు. తొంగి చూసి పాట ఆపేశాడు. "తోలరా," అని అప్పన్న అరిచాడు.

"బాలింత ఈదిలోకి డీజే తోలినానని తెలిస్తే మాయమ్మ నన్ను ఇంట్లోకి రానిస్తాదేటి? నువ్వు కావాలంటే నెత్తినెట్టుకుని మోసుకుపో!"

వెనక జీపు మీద అభ్యర్థి నిలబడి ఉన్నాడు. "ఎవరింట్లో పురుడు?" అని అడిగాడు. నీలమ్మ చెట్టు పైకి చూపించింది. ఆయన చాలాసేపు పైకి చూశాడు. నేను గోడ చాటుకి జరిగాను. ఆయన దిగి, తాడు కింద నుంచి వంగి నడిచి వచ్చాడు. వెనక కార్యకర్తలు టపాసుల పెట్టెలు పాపాయిల్లా చంకన పెట్టుకుని, మునివేళ్ల మీద వచ్చారు.

ఆయన గొంతు వారం రోజుల ప్రచారంతో ఎప్పుడో పోయింది. మైకు లేకపోతే రెండో గుమ్మం దాకా కూడా వినపడటం లేదు. నీలమ్మ మెల్లగానే అంది. "నీకు మైకు లేదు గదా బాబూ. ఇంక మేం మాటాడతాం, ఇను." లోపలికి వెళ్లి బోరు నీళ్లు గ్లాసుతో తెచ్చింది. ఆయన పాపం దాహంగా ఉన్నాడేమో గటగటా తాగబోయి, మొదటి గుక్కకే ముఖం చిట్లించాడు.

"ఉప్పగా ఉన్నాయి."

"మాకలవాటే," అంది పక్కింటావిడ.

గుమ్మం గుమ్మం దగ్గరా నీళ్ల సంగతే చెప్పారు. ఇరవై నిమిషాలు ఆయన వింటూ నడిచాడు. మాట కూడా ఇచ్చాడు, గుసగుసగా. నిజమవుతుందో లేదో నాకు తెలియదు. అరిచి ఇచ్చిన మాటల సంగతి మాత్రం నాకు తెలుసు. చెట్టు మీద చిన్న పిల్ల గూటి మధ్యలో ముడుచుకుని కూర్చునే ఉంది.

ఎండ ముదిరి వేడిగాలి లేవగానే పెద్ద కొంగలు ఒకటొకటిగా బయలుదేరాయి. రెక్క ఆడించకుండా, గిరగిరా తిరుగుతూ, కనిపించని మేడమెట్లు ఎక్కుతున్నట్టు పైకి పోయాయి. నేను మెడ పట్టేసేదాకా చూశాను.

రెండున్నరకి అప్పన్న స్టేషన్లో దింపాడు. దారంతా ముఖం మాడ్చుకునే ఉన్నాడు. దిగబోతుంటే అన్నాడు. "మా కేండిడేటు ఏటన్నాడో తెలుసా సార్? ‘ఇంకెప్పుడూ మైకు లేని ఊరెట్టకురా, జనం అడుగుతారు’ అన్నాడు." అని తనే ఫక్కున నవ్వేశాడు. కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"చిన్నది ఎగిరితే ఫోను చెయ్యి," అన్నాను.

మూడింటి ప్యాసింజరు మూడూ ఇరవై అయిదుకి వచ్చింది. పొందూరు దాటాక ఫోను మోగింది. అప్పన్న గుసగుసగా మాట్లాడుతున్నాడు, చెట్టు కిందే ఉన్నాడేమో. రైలు మోతలో నాకేమీ వినపడక, "ఏంటి? గట్టిగా చెప్పు! ఎగిరిందా?" అని అరిచాను.

"ఎగిరింది సార్! సెరువు గట్టు దాకా ఎల్లి తిరిగొచ్చింది. అత్త ఏడుస్తంది. మీకు సెప్పమంది."

పెట్టెలో అందరూ నా వైపే చూస్తున్నారు. ఎదుటాయన ముందుకి వంగి, "ఏ సీటు సార్? ఎవలిది ఎగిరిపోయింది?" అన్నాడు. చింతచెట్టు సీటని చెప్పి, జరిగింది మొదలుపెట్టాను. గూడు, గొడుగు, వేపమండలు, ఉప్పునీళ్లు చెప్పాను. ఆపై వేడిగాలి ఎలా లేస్తుందో చేతులు తిప్పి చూపిస్తుండగా సిగడాం పోయింది, చీపురుపల్లి పోయింది. గరివిడిలో బండి కదిలాక ఒకావిడ అతణ్ణి కదిపి, "నువ్వు ఇక్కడ దిగాలన్నావు గదా," అంది.

అతను కిటికీలోంచి వెనక్కి పోతున్న ప్లాట్‌ఫారం చూసి, మళ్లీ సర్దుకుని కూర్చున్నాడు.

"నెల్లిమర్లలో దిగుతాన్లే. ముందు ఆ తండ్రికొంగ పిల్లలకి నీళ్లు నోట్లో ఎలాగట్టుకొస్తాదో సెప్పండి సార్."