జోడుగా వస్తేనే కేకు ముక్క

పొద్దున్నే పాలు కాస్తుంటే సంఘ పెద్ద ఫోన్ చేసినాడు. మా పాస్టరమ్మగారు నిద్రలోనే ప్రభువు దగ్గరికి పోయినారంట. పాలు పొంగి పొయ్యంతా కారినాయి. కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను గానీ, మనసు మాత్రం ఆమె ఫ్రిజ్ దగ్గరికి పోయింది. ఎందుకో చెప్తాను.

మా సంఘంలో ఎవరి పెళ్లయినా కేకు ఆమే చేసేవారు. జీడిపప్పు బదులు మన చేలో కాసిన శెనక్కాయ పప్పులు వేయించి వేసేవారు. పెళ్లిలో అందరికీ పంచకముందే ఒక ముక్క తీసి, నూనె కాగితం చుట్టి, చిన్న స్టీలు డబ్బాలో పెట్టి తన ఫ్రిజ్‌లో ఐసు అరలో దాచేవారు. ఏడాది తిరిగిన రోజున ఆ మొగుడూ పెళ్లాం ఇద్దరూ కలిసి ఆమె ఇంటికి పోయి తినాలి. ఒక్కరే పోతే ఇచ్చేవారు కాదు.

ఆమె పుట్టిల్లు వజ్రకరూరు దగ్గర. వాన రాని ఏడు కూడా వాళ్ల నాయన విత్తనం శెనక్కాయల మూట మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదంట. ఎవరన్నా ఒక్కరే వచ్చి ముక్క అడిగితే పాస్టరమ్మగారు ఆ సంగతి చెప్పి, "ఇది కూడా విత్తనమే పాపా. ఆకలయితే ఇంకేమన్నా తినండి" అనేవారు.

ఆ డబ్బాలతో ఐసుకు చోటే ఉండేది కాదు. పాస్టరయ్యగారు చల్లనీళ్లు అడిగితే ఆమె మట్టికుండ వైపు వేలు చూపించేవారు. కరెంటు పోతే ఆ ఫ్రిజ్ తలుపు ఎవరూ ముట్టుకోకూడదు.

మా పాపకు గుత్తిలో మెకానిక్ పని చేసే అబ్బాయితో పెళ్లి చేసినాము. షెడ్డులో పని ఉందని అల్లుడు క్రిస్మస్‌కు మా ఇంటికి రాలేదు. అది ఒక్కతే వచ్చి, "ఇంక ఆడికి పోను" అని కూర్చుంది. గట్టిగా ఒక మాట అనడం నాకు చాతకాదు. మోకాళ్ల మీద ప్రార్థన చేసుకుంటూ ఉన్నాను. రోజులు గడిచినాయి గానీ అది కదల్లేదు, అతడు రాలేదు. అంతలో పెళ్లిరోజు వచ్చింది. పాప నన్ను వెంటబెట్టుకొని పాస్టరమ్మగారి ఇంటికి పోయింది.

"నా సగం నాకియ్యండమ్మా. ఆయన సగం ఆయనకే పంపించండి."

"కోసేదానికి చాకు యాడుందో కనపడల్యా పాపా" అన్నారు ఆమె. చాకు ఆమె చేతిలోనే ఉంది. వంకాయలు తరుగుతున్నారు.

తరగడం ఆపి అల్లుడికి ఫోన్ చేసినారు. "ఏమప్పా, యాడుండావు? ఈడ కరెంటు పోయిండాది. నీ కేకు కరిగిపోతాంది. బిర్నా రా!"

నెత్తిమీద ఫ్యాను గిరగిరా తిరుగుతా ఉంది. అయ్యగారు పేపరు దించి, "ఏమే, పాస్టరమ్మవై ఉండి అబద్ధమా?" అన్నారు.

"నిన్న పోల్యా కరెంటు? ప్రభువుకు తెలుసులే. మీరు పేపరు చదువుకోండి."

మధ్యాహ్నానికి అల్లుడు బండి మీద వచ్చినాడు. చేతుల గ్రీజు కూడా కడుక్కోలేదు. ఆమె ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి డబ్బా తెరిచినారు. ముక్క రాయి మాదిరి ఉంది. అల్లుడు కొరికి, దవడ పట్టుకున్నాడు.

"అమ్మా, పన్ను ఊడేట్టుంది!"

"ఊడనీ. క్రిస్మస్‌కు రానోడికి పండ్లెందుకు?" అని మా పాప నవ్వేసింది. అది నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో. నవ్వుతూనే లేచి అతడికి నీళ్లు తెచ్చి ఇచ్చింది. సాయంత్రం బ్యాగు సర్దుకొని బండెక్కింది. పాస్టరమ్మగారు డబ్బా కడిగి బోర్లిస్తూ, "ఇది ఖాళీ అయింది, ఇంకో పెళ్లి ఉంటే చూడండి" అన్నారు.

సమాధి చేసి వచ్చినాక అయ్యగారు ఫ్రిజ్ తెరిచినారు. లోపల ఒక డబ్బా మిగిలి ఉంది. పోయిన ఎండాకాలంలో పెళ్లయిన రాప్తాడు పిల్లదానిది. "నాకు అబద్ధాలాడేది రాదమ్మా. ఇది నువ్వు తీసుకుపో" అన్నారు. ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు. డబ్బాకు తడి తువ్వాలు చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకొని తెచ్చుకున్నాను.

ఇప్పుడది మా ఫ్రిజ్‌లో ఐసు అరలో ఉంది. నిన్న మా ఆయన ఎండలోనుంచి వచ్చి, "రోంత ఐసు నీళ్లు ఇయ్యి" అన్నాడు. నేను కుండ వైపు వేలు చూపించినాను.